రోగి మాట: లక్షణమా? తాత్పర్యమా?

మాటతీరును బట్టి మనఃస్థితిని నిర్ణయించడం వైద్యశాస్త్రానికి కొత్త కాదు. స్కిజోఫ్రీనియాపై 1911లో గ్రంథం వెలువరించిన స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయిగన్ బ్లాయిలర్, భావాల మధ్య సంబంధం సడలిపోవడాన్ని ఆ వ్యాధి మూలలక్షణాలలో ఒకటిగా పేర్కొన్నాడు. 1979లో అమెరికన్ వైద్యురాలు నాన్సీ ఆండ్రియాసెన్ రోగుల ఆలోచనలో, భాషలో, సంభాషణలో కనిపించే లోపాలను నిర్వచించి, వాటిని అంచనా వేసే పద్ధతిని ఏర్పరచింది. నేడు ఆ అంచనాను కంప్యూటర్ చేపట్టింది. 2015లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం, సైకోసిస్ ముప్పు ఉన్న 34 మంది యువజనుల ఇంటర్వ్యూలను విశ్లేషించి, తరవాత వ్యాధికి లోనైన ఐదుగురిని మిగిలినవారి నుండి తప్పులేకుండా వేరుచేసింది. సంఖ్య చిన్నదే అయినా, వ్యాధి ముదరకముందే చికిత్స అందించే అవకాశం ఇందులో ఉన్నది. కనుక ఈ ప్రయత్నాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు.

అయితే మాట ఎవరికో ఏదో తెలపడానికి పలికినది. దానిని లక్షణంగా మాత్రమే కొలిస్తే, చెప్పిన విషయానికి మిగిలే స్థానమేమిటన్నది నైతిక ప్రశ్న.

ఇక్కడ భారతీయ శాబ్దబోధ విచారం ఉపకరిస్తుంది. వాక్యార్థజ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణాలని తర్కశాస్త్రం చెబుతుంది. ‘నిప్పుతో తడుపు’ అన్న వాక్యానికి యోగ్యత లేదు. కంప్యూటర్ సాధారణంగా కొలిచేది పదాలు ఏయే సందర్భాలలో కలిసి వస్తాయన్న సామీప్యాన్ని. నిప్పు, నీరు, తడపడం ఒకే సందర్భంలో తరచు వచ్చేవే. కనుక అసంగతవాక్యంలోనూ సామీప్యం కనిపించవచ్చు. నూతన రూపకంలో అది కొరవడవచ్చు. ఇక నైయాయికులు చర్చించిన తాత్పర్యం వక్త ఇచ్ఛ. భోజనవేళ ‘సైంధవం తే’ అంటే ఉప్పు, ప్రయాణవేళ అంటే గుర్రం. ఈ భేదం పదాలలో లేదు. సందర్భం ఎరిగిన శ్రోత గ్రహించవలసినది.

భాషాభేదం మరొక చిక్కు. పై అధ్యయనం లెక్కించిన అంశాలలో ‘దట్’, ‘విచ్’ వంటి ఇంగ్లీషు పదాల వాడుక ఒకటి. తెలుగులో ‘నిన్న వచ్చిన మనిషి’ అన్నప్పుడు ఆ పని ధాతుజ విశేషణం చేస్తుంది. లెక్కించడానికి విడిగా పదమే లేదు. కర్తను విడిచి మాట్లాడడం తెలుగులో సహజం. ఒక్క క్రియాపదంలోనే ఇంగ్లీషు వాక్యమంత అర్థం ఇముడుతుంది గనుక పదాల సంఖ్యతో దైర్ఘ్యాన్ని కొలవడమూ పొసగదు. పత్రికాభాషను ప్రమాణంగా తీసుకుంటే మాండలికాలు మాట్లాడేవారు అన్యాయంగా అనుమానానికి గురవుతారు. సమాజంలోని నైతిక, సాంస్కృతిక విలువలకు భిన్నంగా ఉండడాన్ని మానసిక రోగనిర్ణయానికి ఆధారం చేయరాదని 2017 నాటి భారత మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. భాషాభేదం విషయంలోనూ ఆ వివేకం అవసరం.

వైద్యుడు కూడా పొరపడతాడు, యంత్రం కనీసం అందరినీ ఒకే తీరున చూస్తుంది అనే వాదం ఉన్నది. కాని అందరికీ ఒకే కొలబద్ద వాడినంత మాత్రాన అది సరైన కొలబద్ద కాజాలదు. పైగా అర్థం కానప్పుడు వైద్యుడు ‘అంటే ఏమిటి?’ అని అడగగలడు. రోగి ఇచ్చే సమాధానంతో అసంబద్ధమనిపించిన మాటకు సంబంధం దొరకవచ్చు, దొరకకపోవచ్చు. రెండూ నిర్ణయానికి అవసరమే. అంకె ఆ ప్రశ్న అడగలేదు. అందువల్ల వాగ్విశ్లేషణ ఫలితం వైద్యుడు మరింత శ్రద్ధగా వినడానికి హేతువు కావాలి, వినడానికి ప్రత్యామ్నాయం కారాదు. తెలుగువారి మాటను కొలిచే ప్రమాణాలను వివిధ ప్రాంతాల, వర్గాల వ్యవహారం నుండి నిర్మించడం భాషాపరిశోధకుల బాధ్యత. ఆ పని జరగకముందే అరువు కొలతలతో రోగనిర్ణయానికి పూనుకోవడం నైతికంగా సమర్థనీయం కాదు.