విరూపాక్షుడి అభ్యంతరం

మనోభావాలు దెబ్బతిన్నాయంటూ నాటకాన్ని అడ్డుకోవడం ఈ కాలపు జాడ్యమని అనుకుంటాం. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం తిరగేస్తే ఆ గొడవ తొలి ప్రదర్శన నాటిదేనని తెలుస్తుంది. ఇంద్రధ్వజ ఉత్సవంలో భరతుడు తన కొడుకుల చేత ఆడించిన కథ దేవతల చేతిలో అసురుల ఓటమి. దేవతలు మురిసిపోయి కానుకలిచ్చారు. అసురులకు ఒళ్లు మండింది. విరూపాక్షుడనేవాణ్ణి ముందుంచుకుని, నటుల మాటా కదలికా జ్ఞాపకమూ మొద్దుబారిపోయేలా చేశారు. ఇంద్రుడు ధ్వజం కర్ర పీకి వాళ్లను చావగొట్టాడు. అయినా రగడ ఆగలేదు. విశ్వకర్మ నాట్యగృహం కట్టాడు, దానికి దేవతలు కాపలా నిలిచారు. ఇంతవరకూ ఇది బందోబస్తు కథే. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ముందు మంచిమాటతో చెప్పి చూడమని దేవతలే కోరగా బ్రహ్మ అసురులను పిలిచి మాట్లాడాడు. మేమూ నీకు పుట్టినవాళ్లమే కదా, దేవతల కోసం మమ్మల్నిలా అవమానిస్తావా అని విరూపాక్షుడు నిలదీశాడు. ఇందులో మీ మంచిచెడ్డలూ ఉంటాయి, దేవతల మంచిచెడ్డలూ ఉంటాయి, ఇది మూడు లోకాల నడవడినీ చూపేది అన్నాడు బ్రహ్మ.

నాటకం వల్ల నొచ్చుకున్నవాడికి జవాబు పొందే హక్కు ఉందనీ, ప్రదర్శన ఆపించే హక్కు లేదనీ ఈ ఘట్టం తేలుస్తోందని నా వాదన. విరూపాక్షుడి ఫిర్యాదులో అన్యాయమేమీ లేదు. గెలిచినవాళ్లు తమ పండగలో ఓడినవాళ్ల ఓటమిని ఆడించి చూపితే ఎవరికైనా కాలుతుంది. బ్రహ్మ ఆ ఫిర్యాదు విన్నాడు, సమాధానం చెప్పాడు, నాట్యాన్ని మాత్రం రద్దు చేయలేదు. 1972లో పుణేలో జబ్బార్ పటేల్ దర్శకత్వంలో విజయ్ తెండూల్కర్ ‘ఘాశీరాం కొత్వాల్’ రంగమెక్కినప్పుడు ఇదే పేచీ వచ్చింది. పీష్వాల మంత్రి నానా ఫడ్నవీస్‌నూ పుణే బ్రాహ్మణులనూ కించపరిచారన్నారు. ఆడించిన సంస్థే దాన్ని ఆపేస్తే, ఆ బృందం థియేటర్ అకాడమీగా వేరుపడి మళ్లీ ఆడింది. ఇంతకీ అందులో ఏముంది? నటులు వరసగా నిలబడి మనుషుల గోడ కడతారు. గణపతికి మొక్కేదీ వాళ్లే, భజన పాడేదీ వాళ్లే, వెనక జరిగే దౌర్జన్యాన్ని కప్పేదీ వాళ్లే. ఘాశీరాం తన కూతుర్ని నానాకు అప్పగించి కొత్వాల్ పదవి పుచ్చుకుంటాడు. అవసరం తీరాక నానా అతణ్ణి జనం చేతికి వదిలేస్తాడు. భక్తి అధికారానికి ఎలా చాటు ఇస్తుందో ఆ గోడ చెప్పినంత బాగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. అభ్యంతరపెట్టినవాళ్లు అందులో తమ పూర్వీకుల మొహాలే వెతుక్కున్నారు. ఆ వరసలో ఏ కులంవాళ్లయినా నిలబడగలరు.

ప్రేక్షకుడు ఇలా తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడం రసానుభవానికి అడ్డు అంటాడు నాట్యశాస్త్ర వ్యాఖ్యాత అభినవగుప్తుడు. దీనికి గట్టి ఆక్షేపణ ఉంది. రాజకీయ నాటకానికి రసంతో పనేమిటి? 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో సఫ్దర్ హాష్మీ బృందం ‘హల్లా బోల్’ వీధి నాటకం ఆడింది కార్మికులు తమ కూలి గురించి ఆలోచించాలని, తమను తాము మరచిపోవాలని కాదు కదా. నిజమే. కాని రోజూ పడే బాధను మరొకరి బాధగా కాసేపు ఎదురుగా చూస్తే తప్ప దాని కారణం కంటపడదు. ఆ ఎడం ఇచ్చేది నటన. ఆ ప్రదర్శన మీద జరిగిన దాడిలో గాయపడ్డ హాష్మీ మర్నాడు చనిపోయాడు. 4వ తేదీన ఆయన భార్య మలయశ్రీ, బృందం అదే చోటికి వెళ్లి ఆగిన నాటకాన్ని పూర్తి చేశారు. వీధి నాటకానికి నాట్యగృహమూ లేదు, కాపలా దేవతలూ లేరు.

ఇంతకన్నా చిక్కు ప్రశ్న ఇంకొకటి. బలవంతుడి నొప్పికీ బలహీనుడి నొప్పికీ ఒకటే జవాబా? అబద్ధమాడనని గురువుకు మాటిచ్చి దానికోసం ప్రాణమిచ్చే దొంగ కథ హబీబ్ తన్వీర్ ‘చరణ్‌దాస్ చోర్’. అందులో సత్నామీల పంథీ పాటలున్నాయి. అణగారిన ఆ సమూహం నుంచే అభ్యంతరం రాగా 2009లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ నాటకం పుస్తకాన్ని నిషేధించింది. అలాంటి నొప్పిని మరింత ఓపికగా వినాలి, మరింత నిజాయితీగా జవాబు చెప్పాలి; నిషేధం ఆ రెండూ చేయదు. ఇక మన ‘చింతామణి’. కాళ్లకూరి నారాయణరావు వేశ్యాలోలత్వాన్ని ఎండగట్టడానికి రాసిన నాటకమది. ఆర్యవైశ్యుల అభ్యంతరం మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో దాని ప్రదర్శనలను నిషేధించింది. ఈలల కోసం అందులోని వైశ్యుడు సుబ్బిశెట్టి పాత్రను స్టేజీల మీద మోటుగా సాగదీశారన్న మాట కాదనలేనిది. నాట్యశాస్త్రం చివరి అధ్యాయం ఈ ప్రమాదాన్నీ ఎరుగును. భరతుడి కొడుకులు ఋషులను వెక్కిరిస్తూ ఆడి, శూద్రులు కమ్మని శాపం తిన్నారు. (ఆ శాపంలోని కులాహంకారం వేరే చర్చ, చిన్నదేమీ కాదు.) అవమానంతో చావబోయిన ఆ కొడుకులతో భరతుడు అన్నది మాత్రం, నాట్యాన్ని నాశనం కానివ్వకండి, శిష్యులకు నేర్పండి అని. 2022 నాటి ఉత్తర్వు మోటుతనంతో పాటు ముఖ్యపాత్రలైన చింతామణినీ బిల్వమంగళుణ్ణీ కూడా రంగం దింపేసింది. సుబ్బిశెట్టి పక్షాన కోపమున్నవాళ్లు అతని వైపు నుంచి మరో నాటకం రాయించి నాటక పరిషత్తులకు పంపాలి.