పాటలో ఎత్తుపల్లాలు ఉండనీ, అమ్మడూ

అమ్మడూ, ఇంట్లోనే మైకు పెట్టుకుని పాడుతున్నావు, పాడినవి పదిమందికీ వినిపిస్తున్నావు. మీ మామయ్యకి ఇంతకన్నా సంతోషం ఏముంటుంది! ఒకప్పుడు స్టూడియో గడప తొక్కడానికే ఎవరిదో ఒకరి మాటసాయం కావలసి వచ్చేది. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు ఉంటే పడకగదిలోనే పని జరిగిపోతుంది. అయితే ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నీ రికార్డింగుల్లో నువ్వు గొంతు తగ్గించి పాడిన చోటూ, తారషడ్జం మీద నిలిచిన చోటూ ఒకే మోతగా వినిపిస్తున్నాయి. నువ్వు అలా పాడవు. ఎదురుగా కూర్చుని నీ పాట విన్నవాణ్ణి, నాకు తెలుసు. అది నీ గొంతు చేసిన పని కాదు, కంప్రెసర్ చేసిన పని. కుచ్చిళ్ళ లంగాని ఇస్త్రీ పెట్టి చదును చేసినట్టయింది పాట.

కంప్రెసర్ చెడ్డదని అనను. అది లేకుండా ఈ రోజుల్లో చాలా పాటలు బయటికి రావు. కానీ అది ఏం చేస్తుందో తెలిశాకే దాని మీద చెయ్యి వెయ్యాలి. త్రెషోల్డ్ అంటే ఒక గీత. ఆ గీత దాటిన శబ్దాన్నే అది పట్టుకుంటుంది. రేషియో 4:1 పెట్టావనుకో, గీత దాటి 8 డెసిబెల్స్ పైకి వెళ్ళిన స్వరం 2 డెసిబెల్స్ పైకే వెళ్ళినట్టు బయటికొస్తుంది. అంటే 6 డెసిబెల్స్ తగ్గిపోయింది. తగ్గిందాన్ని మేకప్ గెయిన్‌తో మళ్ళీ ఎత్తుతాం. కిటుకంతా అక్కడే ఉంది. ఆ 6 డెసిబెల్స్ ఎత్తినప్పుడు గీత దాటనివి కూడా అన్నీ 6 డెసిబెల్స్ పెరుగుతాయి. నీ మెల్లని పలుకుతో పాటు తిరిగే ఫ్యానూ, వీధిలో హారనూ, గోడలకు తగిలి వెనక్కొచ్చిన నీ గొంతూ పైకి లేస్తాయి. పాట ఖాళీ గదిలో పాడినట్టుందని నువ్వు బాధపడుతున్నావు కదా, దానికి సగం కారణం ఇదే. మైకు మార్చాలని డబ్బు దాచుకోకు. నీ మైకు బాగానే ఉంది.

కాబట్టి పని మైకు దగ్గరే మొదలుపెట్టు. పాడే కాసేపూ ఫ్యాను ఆపు. బట్టల బీరువా తలుపులు తెరిచి పెట్టుకో, వెనక ఒక బొంత వేలాడదీయి. మైకుకు జానెడు దూరంలో నిలబడు. పకారాలూ భకారాలూ గాలితో వచ్చి మైకుని కొడతాయి కాబట్టి పాప్ ఫిల్టర్ పెట్టు, నోటికి సూటిగా కాకుండా మైకుని కాస్త పక్కకి తిప్పు. పై స్థాయికి వెళ్ళే ముందు తల కొంచెం వెనక్కి జరుపు. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే నేరుగా అందే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఏ ప్లగిన్నూ ఇంత శుభ్రంగా ఆ పని చెయ్యలేదు. వాద్యబృందమంతా ఒకేసారి వాయిస్తుంటే పాడిన పాతతరం గాయకులు ఇలాగే పాడారు. తర్వాత సరిదిద్దుకునే వీలు లేదు కనుక మైకు ముందు ఎంత జరగాలో వాళ్ళ ఒంటికే తెలిసేది. నీకూ అలవాటవుతుంది. అయితే మరీ మీదికి వచ్చి పాడకు. ఇలాంటి మైకుల్లో నోరు దగ్గరైన కొద్దీ గొంతుకి లేని బరువు వస్తుంది, తల వెనక్కి తీసిన క్షణంలో ఆ బరువు పోయి వేరే మనిషి పాడినట్టుంటుంది.

రికార్డింగ్ లెవెల్ విషయంలో కూడా తొందర వద్దు. టేపు రోజుల్లో టేపు బుస పైకి తేలకుండా ఉండాలని వీలైనంత ఎక్కువ లెవెల్లో పట్టేవాళ్ళం. నువ్వు 24 బిట్‌లో రికార్డు చేస్తున్నావు, ఆ బెంగే లేదు. నీ గొంతు బాగా లేచిన చోట మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు. సున్నా తాకి పగిలిన స్వరాన్ని ఉన్నదున్నట్టు వెనక్కి తేవడం ఎవరివల్లా కాదు.

ఇక కంప్రెసర్ పెట్టబోయే ముందు ఇంకొక్క పని, కొంచెం ఓపిక కావలసిన పని. పాట మొత్తం ఒక్కో పంక్తిగా విను. ఒక మాట మింగేసినట్టుంటే ఆ ముక్క వరకే ఒకటి రెండు డెసిబెల్స్ పెంచు. ఒక సంగతి చెవిలో గుచ్చుకుంటే అక్కడ తగ్గించు. క్లిప్ గెయిన్ అన్నా వాల్యూమ్ ఆటోమేషన్ అన్నా చేసేది ఇదే. కంప్రెసర్‌కి తెలుగు రాదు తల్లీ. ఏ మాట మెల్లగా వినిపించాలో, ఏది గట్టిగా వినిపించాలో నీకు తెలుసు, దానికి తెలియదు. ఈ చేతిపని అయ్యాక కంప్రెసర్‌కి మిగిలేది కొంచెమే. అప్పుడు రేషియో 2:1, మహా అయితే 3:1 పెట్టు. గొంతు బాగా లేచిన చోట గెయిన్ రిడక్షన్ ముల్లు 3, 4 డెసిబెల్స్ కదిలితే చాలు. మెల్లగా పాడిన చోట అది అసలు కదలకూడదు.

అటాక్, రిలీజ్ గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. అటాక్ అంటే కంప్రెసర్ శబ్దాన్ని పట్టుకోవడానికి తీసుకునే సమయం, రిలీజ్ అంటే వదలడానికి తీసుకునే సమయం. అటాక్ మరీ వేగంగా పెడితే కకారం, టకారం, తకారం మొనలు విరిగిపోతాయి, సాహిత్యం ముద్దగా వినిపిస్తుంది. 10 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య మొదలుపెట్టి చెవితో చూసుకో. రిలీజ్ మన పాటకి ఇంకా సున్నితమైన విషయం. గమకం ఊగేటప్పుడు స్వరంతో పాటు మోత కూడా కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రిలీజ్ మరీ చురుగ్గా ఉంటే కంప్రెసర్ ఆ ప్రతి ఊపునూ పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంటుంది. గమకం మీద ఇంకో వణుకు ఎక్కుతుంది. కాంభోజిలోనో తోడిలోనో ఒక పొడుగు స్వరం మీద విని చూడు, వెంటనే తెలుస్తుంది. అలా తెలిసిన చోట రిలీజ్ పెంచుకుంటూ పో, వణుకు పోయేవరకూ.

నీ ల్యాప్‌టాప్‌లో పాత కంప్రెసర్ యంత్రాల పోలికతో చేసిన ప్లగిన్లు రెండు చూశాను. ఎల్ఏ-2ఏ అనేది రేడియో ప్రసారాల అవసరంలోంచి పుట్టిన యంత్రం. లోపల ఒక చిన్న దీపం లాంటిది వెలుగుతుంది, ఆ వెలుగుకి ఒక రెసిస్టర్ స్పందిస్తుంది. అందుకే అది నెమ్మదిగా పట్టుకుని మెల్లగా వదులుతుంది. తిప్పడానికి ముఖ్యంగా రెండే నాబ్‌లు. నీ గొంతుకి అదే పెట్టుకో. రెండోది 1176, బిల్ పట్నమ్ అనే ఆయన 1967లో తెచ్చింది. దాని అటాక్ మైక్రోసెకన్లలో ఉంటుంది, 20 నుంచి 800 వరకు. అంత వేగం నీ పాటకి అక్కర్లేదు. ఎప్పుడైనా వాడితే ఒకటి గుర్తుంచుకో, అందులో అటాక్ నాబ్ కుడికి తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. చాలామంది తగ్గిస్తున్నామనుకుని పెంచుతుంటారు.

ప్లగిన్ ఆన్ చేసి ఆఫ్ చేసి పోల్చి చూస్తావు కదా, రెండిటి మోతా సమానం చేశాకే పోల్చు. మన చెవి గుణమే అంత, మోత పెరిగితే కింది స్వరాలూ పై స్వరాలూ నిండుగా తోస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా "ఇదే బాగుంది" అనిపిస్తుంది. మేకప్ గెయిన్ తగ్గించి సమానం చేశాక కూడా బాగుంటేనే అది నిజంగా బాగున్నట్టు.

చివర లిమిటర్ వేసి, అంటే శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని దాన్ని వేసి, పాటని సున్నాకి తోస్తున్నావే, దాని గురించి నాకు ఎక్కువ బెంగ. పక్కవాళ్ళ పాట కన్నా నాది చిన్నగా వినిపిస్తుందేమో అని నీ భయం. ఆ భయంతోనే పెద్దపెద్ద వాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఒకరిని మించి ఒకరు మోత పెంచుకుంటూ పోయారు. 2008లో మెటాలికా బృందం ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు అభిమానులే తిరగబడ్డారు. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేములో అంతగా నలగకుండా ఉన్నాయని, ఆల్బమ్‌ని మళ్ళీ మిక్స్ చేయమని వేలమంది సంతకాలు పెట్టారు.

ఇప్పుడు ఆ పరుగుకి అర్థమే లేదు. మోతని చెవికి తోచే తీరులో కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2006లో ప్రమాణంగా పెట్టింది, ఆ కొలతనే లఫ్స్ అంటున్నాం. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్‌కి పాటలన్నిటినీ సమానం చేసి వినిపిస్తుంది. నువ్వు లిమిటర్‌తో నలిపి మైనస్ 8కి తెచ్చావనుకో, అది నిమ్మళంగా 6 డెసిబెల్స్ తగ్గించి పారేస్తుంది. మోత మిగల్లేదు, నలుగుడు మాత్రం మిగిలింది. యూట్యూబ్ కూడా ఎక్కువ మోత ఉన్నవాటిని తగ్గిస్తుంది. శ్రుతి, మృదంగం, నీ గొంతు ఉన్న పాట మైనస్ 16 దగ్గర ఉన్నా నిక్షేపంగా ఉంటుంది. యూలీన్ వాళ్ళ లౌడ్‌నెస్ మీటరు ఉచితంగా దొరుకుతుంది, దించుకుని పాట మొదటి నుంచి చివరిదాకా కొలువు. ట్రూ పీక్, అంటే శబ్దం అసలు శిఖరం, మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకు, అప్‌లోడ్ చేశాక ఫైలు చిన్నది చేసేటప్పుడు శిఖరాలు ఇంకాస్త లేస్తాయి.

ఆటోలో ఫోన్ స్పీకర్‌లో వినేవాళ్ళకి మెల్లని చోట్లు వినబడవు కదా మామయ్యా అంటావు. న్యాయమైన మాటే. మీ అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు ఫోనులో పాట పెట్టి, అనుపల్లవిలో ఏ మాట అర్థం కాలేదో అడుగు. ఆ మాట దగ్గర గొంతు పెంచే ముందు పక్కవాద్యం తగ్గించి చూడు, చాలాసార్లు అడ్డం పడేది అదే. అప్పటికీ వినబడకపోతే ఆ మాట ఒక్కటి ఒకటిన్నర డెసిబెల్స్ ఎత్తు. ఆ ఒక్క మాట కోసం పాటంతా నలపొద్దు.

ఇంకొకటి. ఎగుమతి చేసేటప్పుడు రెండు ఫైళ్ళు తీయి. అప్‌లోడ్ చేసేది ఒకటి, చివరి లిమిటర్ తీసేసి 24 బిట్ వేవ్‌లో దాచుకునేది ఒకటి. రెండోదాన్ని ల్యాప్‌టాప్‌లోనే వదిలెయ్యకుండా వేరే హార్డ్‌డిస్కులో పెట్టు, పేరులో రాగం, తేదీ రాయి. అయిదేళ్ళకి నీ చెవి ఇంకా పదునెక్కుతుంది, అప్పుడు చివరి లిమిటర్ పని మళ్ళీ చేయాలనిపిస్తే మొదలయ్యేది ఆ ఫైలు నుంచే.