బాలిలో ఒక రోజు మౌనం, తెల్లారితే ఉగాది



ఈ వారం వీడియోలో బాలి వాళ్ళ న్యేపి గురించి రెండు నిమిషాలే చెప్పాను. చాలా పెద్ద విషయాన్ని అంత తొందరగా ఎందుకు దాటేశానంటే, మిగతాది కెమెరా ముందు చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది గోపాలపట్నం. మా డాబా ఎక్కితే సింహాచలం కొండ కనిపిస్తుంది. నాన్న పోర్టులో పనిచేసేవారు. మార్నింగ్ షిఫ్ట్ ఉన్నా లేకపోయినా నాలుగున్నరకి లేచి, స్నానం చేసి, దీపం పెట్టి, కొండ వైపు తిరిగి అప్పన్నకి దండం పెట్టుకున్నాకే కాఫీ తాగేవారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా కాబట్టి నాకది ఒక పూజలా అనిపించేది కాదు. ఇంట్లో ఫ్యాన్ తిరుగుతున్నట్టే అదీ జరుగుతోంది అనుకునేవాణ్ణి.

2018లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ కోసం బాలి వెళ్ళాను. బయల్దేరే రోజు కింద ట్యాక్సీ హారన్ కొడుతోంది, నాన్న ఇంకా దేవుడి గదిలోనే ఉన్నారు. కోపంలో నోరు జారాను. "ముప్ఫై ఏళ్ళ నుంచి చేస్తున్నావు, ఈ పూజ వల్ల నీకేం ఒరిగింది నాన్నా?" అన్నాను. నాన్న ఏమీ అనలేదు. బయటికొచ్చి, నా నుదుట కుంకుమ పెట్టి, సూట్‌కేస్ కిందికి మోశారు. సారీ చెప్పాలని ఎయిర్‌పోర్ట్‌లో అనుకున్నా, చెప్పలేదు. తర్వాత రెండు నెలలూ ఫోన్‌లో "తిన్నావా, డబ్బులున్నాయా" తప్ప మా మధ్య ఇంకో మాట లేదు.

డెన్‌పసార్‌లో ఒక కుటుంబంతో ఉండేవాణ్ణి. మొదటి వారమంతా నాలో ఒక గర్వం. ఎదురైన వాళ్ళు "ఓం స్వస్త్యస్తు" అని పలకరిస్తుంటే, ఇదంతా మన దగ్గర నుంచి వచ్చిందే కదా అనిపించేది. దగ్గర్లోని సానూర్‌లో శక సంవత్సరం 835, అంటే క్రీ.శ. 914 నాటి రాతి స్తంభం ఉంది. దాని మీద శాసనంలో సంస్కృతం కూడా ఉంది. దాన్ని ఫొటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టి, "మన కళింగ ఓడలు చేసిన పని చూడండి" అని రాశాను. ఆ ఓడలకీ నాకూ ఉన్న సంబంధం ఏమిటని అప్పుడు ఎవరూ అడగలేదు.

అడిగింది ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ పాప. బాలిలో త్రిసంధ్య అని రోజుకి మూడు పూటలా చేసే ప్రార్థన ఉంది. అది గాయత్రీ మంత్రంతో మొదలవుతుంది. ఒక సాయంత్రం ఆ పాప కూర్చుని, చేతులు జోడించి, పుస్తకం చూడకుండా మొత్తం చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "మీ ఇంట్లో ఎవరు చెప్తారు?" అంది. మా నాన్న అన్నాను. "మరి నువ్వు?" అంది.

సమాధానం లేదు. నాకు గాయత్రి ఎవరిదో ఫోన్ రింగ్‌టోన్‌గానే తెలుసు.

ఆ ఇంటావిడని ఇబు అనేవాళ్ళం, అంటే అమ్మ. లేత కొబ్బరాకుతో చిన్న చిన్న బుట్టలు అల్లి, లోపల తమలపాకు, వక్క, సున్నం ఉంచి, పైన రంగురంగుల పూలు పేర్చి, రోజూ గుమ్మం ముందు, వంటింట్లో, వీధి మలుపులో పెట్టేవారు. దాన్ని చనంగ్ సారి అంటారు. పొద్దున పెట్టినవి సాయంత్రానికి వాడిపోతాయి, కోళ్ళు తొక్కేస్తాయి. మర్నాడు మళ్ళీ కొత్తవి. "రోజూ పాడైపోతాయి కదా, ఎందుకు?" అని అడిగితే ఇబు నవ్వి, "నువ్వు రోజూ అన్నం తింటావు కదా" అన్నారు. నాకు వెంటనే నాన్న పెట్టే దీపం గుర్తొచ్చింది.

ఇక న్యేపి. బాలి వాళ్ళ శక సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది. మన పంచాంగంలో రాసే శాలివాహన శకమూ అదే లెక్క. ఆ ఏడాది వాళ్ళకీ మనకీ 1940 మొదలైంది. 2018లో న్యేపి మార్చి 17, శనివారం. మన ఉగాది మార్చి 18.

ముందు రోజు సాయంత్రం ఓగో-ఓగో అనే పెద్ద పెద్ద భూతాల బొమ్మల్ని భుజాల మీద మోస్తూ, డప్పులతో ఊరంతా హోరెత్తించారు. మర్నాడు ఉదయం ఆరింటి నుంచి ఆ తర్వాతి ఉదయం ఆరింటి వరకు ద్వీపం మొత్తం మౌనం. నాలుగు నియమాలు: నిప్పు, దీపం వెలిగించకూడదు. పని చేయకూడదు. ఇల్లు కదలకూడదు. వినోదం ఉండకూడదు. పని చేయకూడదనే నియమం పేరు "అమతి కార్య". కార్య అన్న మాట మనదే కదా! ఎయిర్‌పోర్ట్ కూడా ఇరవై నాలుగు గంటలు మూసేస్తారు. ఆ ఏడాది మొదటిసారి మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేశారు. పైగా ఆ శనివారమే వాళ్ళ సరస్వతీ దినం కూడా పడింది. ఆ రోజు పుస్తకాలకి నమస్కరిస్తారు, చదవరు. అంటే నాకు ఫోనూ లేదు, పుస్తకమూ లేదు.

పొద్దున బాగానే ఉంది, నిద్రపోయాను. మధ్యాహ్నం విసుగు. చేయి పదేపదే ఫోన్ మీదికి వెళ్ళేది. సాయంత్రం చీకటి పడింది, ఎక్కడా లైట్ లేదు. అన్ని నక్షత్రాలు నేనెప్పుడూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు ఒకటే మాట వినిపించడం మొదలైంది: "ఈ పూజ వల్ల నీకేం ఒరిగింది నాన్నా?" నా గొంతే. రెండు నెలలుగా అది లోపలే ఉంది. పాటలు, వీడియోలు, అసైన్‌మెంట్లు అని దాని మీద పొరలు కప్పుతూ వచ్చాను, అంతే.

అప్పుడు మన అప్పన్న గుర్తొచ్చారు. సింహాచలంలో స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటారు. అక్షయ తృతీయ రోజు ఆ పూత తీస్తే ఒక్క రోజు నిజరూప దర్శనం. చిన్నప్పుడు నాన్న నన్ను ఎత్తుకుని ఆ క్యూలో నిలబడ్డారు. ఆ రాత్రి నాకు తట్టింది ఇదీ: స్వామి మీద ఉన్నది చందనం. మన మీద ఉన్నది చప్పుడు. అది తీస్తే కనిపించే మన నిజరూపం అంత అందంగా ఉండకపోవచ్చు. కానీ ఏడాదికి ఒక్కసారైనా చూసుకోవాలి.

భగవద్గీత 17వ అధ్యాయంలో తపస్సు మూడు రకాలని చెప్తారు. శరీరంతో చేసేది, మాటతో చేసేది, మనసుతో చేసేది. మౌనం మనసు చేసే తపస్సులోకి వస్తుంది. ఎదుటివాళ్ళని బాధపెట్టని మాట, మాటతో చేసే తపస్సు. రెండోది తప్పినవాడికి మొదట కావలసింది మౌనమే అని నాకు అనిపించింది. నోరు మూసుకుంటేనే కదా, ఇదివరకు నోరు ఏం చేసిందో తెలిసేది!

న్యేపి మర్నాడు వాళ్ళకి న్గెంబక్ గెని. బంధువుల ఇళ్ళకి వెళ్ళి, పోయిన ఏడాది తప్పులకి క్షమించమని అడిగే రోజు. నాకది ఉగాది. ఆరింటికి నెట్ వచ్చింది. కానీ బాలి టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు, వైజాగ్‌లో అప్పటికి మూడున్నరే. ఏడు దాకా ఆగి ఫోన్ చేశాను. అక్కడ నాలుగున్నర. నాన్న లేచే టైమ్.

"నాన్నా, ఆ రోజు అలా అనకూడదు. తప్పు నాదే" అన్నాను.

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "పచ్చడి తిన్నావా?" అన్నారు.

"ఇక్కడ వేప పువ్వు దొరకలేదు నాన్నా."

"పర్లేదు. పండగ పూట తలంటుకో. ఒక దీపం పెట్టు."

అంతే. పెట్టాను. ఇబు దగ్గర అడిగి తీసుకున్న నూనెతో, నా జీవితంలో నా అంతట నేను పెట్టిన మొదటి దీపం అదే.

ఫ్రెండ్స్, వారసత్వం గురించి మనం చాలా మాట్లాడతాం. అంగ్కోర్ మనది, బాలి మనది అని స్టేటస్‌లు పెడతాం. వెయ్యేళ్ళ క్రితం శాసనం చెక్కించినవాళ్ళు వాళ్ళ పని చేసి వెళ్ళిపోయారు. ఈ రోజు దాన్ని బతికిస్తున్నది పొద్దున్నే కొబ్బరాకు అల్లే ఒక అమ్మ, షిఫ్ట్‌కి ముందు దీపం పెట్టే ఒక నాన్న. ఎవరు ఎవరికి ఇచ్చారన్నది చరిత్ర. ఈ పూట నేను చేశానా లేదా అన్నది ధర్మం.

ఈసారి, 2026లో, న్యేపి, ఉగాది రెండూ మార్చి 19నే. మన ఊళ్ళో ఎయిర్‌పోర్ట్ మూయరు, నా ఆఫీసులో ఆన్‌కాల్ కూడా ఆగదు. అందుకే నేను చిన్న నియమం పెట్టుకున్నా: ముందు రోజు సాయంత్రం మూడు గంటలు ఫోన్ లేదు, టీవీ లేదు, మాట లేదు. అప్పుడు ఎవరి ముఖం గుర్తొస్తుందో, ఉగాది పొద్దున ముందు వాళ్ళతో మాట్లాడటం. ఫార్వర్డ్ మెసేజ్ కాదు, గొంతుతో. మీరూ ప్రయత్నించండి. పోయినేడాది నేను గంటన్నరకే ఫోన్ తీసేశాను, కాబట్టి మధ్యలో తప్పినా కంగారు పడకండి. మళ్ళీ కూర్చోండి.

పచ్చడిలో చేదు కూడా మనం తినాల్సిందే కదా.

సింహాద్రి అప్పన్నకి జై. ఓం శాంతిః శాంతిః శాంతిః.