బదులు వచ్చిన కార్డు



మీ అబ్బాయి కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు పాడైందనుకోండి. వారంటీ ఉంది కనుక కంపెనీవాళ్లు బదులుగా ఇంకో కార్డు ఇచ్చారు. ఒక్క ఫిల్స్ కూడా ఖర్చు కాలేదు. ఇప్పుడు వాడు దాన్ని ఓవర్‌క్లాక్ చేస్తానంటున్నాడు. అంటే ఫ్యాక్టరీలో పెట్టిన వేగాన్ని దాటించి నడుపుతాడన్నమాట. "కాలిపోతేనో?" అని మీరు అడిగితే "మళ్లీ ఇస్తార్లే" అంటాడు. వాడికి మీరేం చెబుతారు?

ఓవర్‌క్లాక్ చేయడం తప్పేమీ కాదు. కార్డు వాడిదే. ఆ పని నేర్చుకోవడమూ ఒక విద్యే. కానీ వేగం ఊరికే రాదు. చిప్ వేగాన్ని 10 శాతం, అందుకోసం వోల్టేజీని 5 శాతం పెంచితే, పనిచేసేటప్పుడు అది తినే కరెంటు సుమారు 21 శాతం పెరుగుతుంది. అదంతా వేడిగా మారుతుంది. మనం ఉంటున్నదేమో కువైట్. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. ఏసీ ఆగిన గదిలో ఆ కార్డు పరిస్థితి ఊహించుకోండి.

అసలు ప్రశ్న "మళ్లీ ఇస్తార్లే" అన్న మాటలో ఉంది. వారంటీ అంటే తయారీలో లోపం ఉంటే బాధ్యత మాది అని కంపెనీ ఇచ్చే మాట. మనం చేసే సాహసానికి కూడా బాధ్యత వహిస్తామని అందులో లేదు. ఇంటెల్ కంపెనీ 2012లో తన ప్రాసెసర్లకు ఒక ప్లాన్ తెచ్చింది. అదనంగా డబ్బు కడితే, ఓవర్‌క్లాక్ వల్ల పాడైనా ఒకసారి మార్చి ఇచ్చేవారు. 2021లో దాన్ని ఆపేశారు. ఆ ప్లాన్‌లో దాపరికం లేదు. సాహసానికి వెల కట్టారు, కావలసినవాళ్లు చెల్లించారు.

"అంత పెద్ద కంపెనీకి ఒక కార్డు లెక్కా?" అనిపించవచ్చు. కంపెనీ పెద్దదైనంత మాత్రాన అబద్ధం చిన్నదైపోదు. రెండోసారి కార్డు తిరిగి పంపేటప్పుడు "ఏం జరిగింది?" అని అడుగుతారు. అప్పుడు "ఊరికే ఆగిపోయింది" అని మీ అబ్బాయి రాయాలి. వాడు నిజంగా పోగొట్టుకునేది అక్కడే.

రెండవ రాజుల గ్రంథం 6వ అధ్యాయంలో గొడ్డలి నీళ్లలో పడినప్పుడు ఆ మనిషి ఎందుకు విలవిల్లాడాడు? అది అరువు సొత్తు కనుక. మనవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. రాయచోటి నుంచో, కోనసీమ నుంచో వచ్చి కఫీల్ కారు నడిపే సహోదరుడు ఆ కారుతో పందేలకు పోడు. గీత పడితే జవాబు చెప్పాల్సింది తానేనని అతనికి తెలుసు. కార్డు విషయం కొంచెం వేరు. వస్తువు మనదే, కాని అది పాడైతే వచ్చే నష్టాన్ని ఇంకొకరి మీదికి తోయాలనుకుంటున్నాం.

కాబట్టి మీ అబ్బాయిని కోప్పడకండి. ముందు వారంటీ కాగితం ఇద్దరూ కలిసి చదవండి. కంపెనీని బట్టి నియమాలు మారతాయి. ఓవర్‌క్లాక్‌కు అనుమతి ఉంటే ఆ హద్దులో చేసుకోనివ్వండి. లేకపోతే ఒక్క మాట అడగండి: "ఇది కాలిపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పి, నీ డబ్బుతో ఇంకోటి కొనుక్కుంటావా?" "కొనుక్కుంటాను" అంటే నిశ్చింతగా చేయనివ్వండి. నసిగితే, కార్డును ఉన్న వేగంలోనే ఉంచమనండి.