దారిలో ఉన్న చుట్టం

మన తెలుగులో బంధువుకూ ఇంటికి వచ్చిన అతిథికీ కలిపి ఒకే మాట ఉంది, చుట్టం అని. ఎవరింట్లోనైనా రెండు పూటలుండి వచ్చేస్తే చుట్టపుచూపు అంటాం. ఆ మాటలో కాస్త ఎత్తిపొడుపు కూడా ఉందని నాకు 2019 జనవరి దాకా తట్టలేదు.

ఆ నెలలో నేనూ మా ఆవిడా విశాఖపట్నం నుంచి కౌలాలంపూరులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి మోటారుసైకిలు మీద బయలుదేరాం. దాదాపు ఆరు వేల కిలోమీటర్లు. ఉద్యోగ విరమణ చేసిన వయసులో ఇదేం బుద్ధి అన్నవారికి, 2018లో హైదరాబాదు నుంచి జయభారతి, మరి ముగ్గురు స్త్రీలు బర్మా మీదుగా వియత్నాం దాకా మోటారుసైకిళ్ళ మీద వెళ్ళివచ్చిన సంగతి చెప్పి నోరు మూయించాను. ఇచ్ఛాపురంలో మా ఆవిడ పిన్నిగారు, బరంపురంలో ఆవిడ అన్నయ్య, ఖరగ్‌పూర్‌లో రైల్వేలో పనిచేసి రిటైరైన మా బావ. ఒక్కొక్కరింట ఒక్కో రాత్రి. అందరూ సంతోషించారు, లేదా మేమలా అనుకున్నాం. ఆ తరువాత రంగూను దాకా మన చుట్టాలెవరూ లేరు.

రంగూనులో అత్త ఉంది. మా తాతగారి తమ్ముడి కూతురు. ఉండేది చిమిండైంగ్‌లో. ఊరికి పడమట హ్లైంగ్ నది ఒడ్డున, ఇంగ్లీషువాళ్ళు కెమెండైన్ అని పిలిచిన పేట. మనవాళ్ళు కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన రోజుల నాటి పేరుతో బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అంటారు. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు కాలినడకన దేశం దాటారు. దారిలో ఎందరు పోయారో సరైన లెక్క లేదు. మా తాత తామూ మీదుగా ఇంఫాలు చేరినవారిలో ఒకడు. తమ్ముడు కదలలేదు. 1964లో దుకాణాలు ప్రభుత్వపరం అయ్యాక మళ్ళీ ఎందరో విశాఖకు తిరిగివచ్చారు, అప్పుడూ కదలలేదు. వస్తాను, నిన్ను చూస్తాను అని తాత ఉత్తరాలు రాస్తూనే ఉండేవాడట. వెళ్ళలేదు.

తాత వారాల తరబడి నడిచిన ఆ ఇంఫాలు, తామూ దారిని మేము ఒక్క పూటలో ఎదురు దాటాం. మోరే దాకా ఎడమపక్కన నడిపిన బండిని తామూలో కుడిపక్కకు తిప్పాలి. 1970లో బర్మా రోడ్డు పక్క మార్చుకుంది. అప్పటి నిబంధన ప్రకారం బండితో వెళ్ళేవారికి తోడుగా ఒక గైడు ఉండాలి, ఏ రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటామో ముందే కాగితం మీద రాసివ్వాలి. రంగూను నగరంలో మోటారుసైకిళ్ళు 2003 నుంచి నిషేధం. అందుచేత బండిని పెగూలో ఉంచి టాక్సీలో వెళ్ళాం. అత్త వీధి గుమ్మంలో నిలబడి, "బండేదీ?" అంది. చూడాలని పక్కింటి పిల్లలను కూడా పోగుచేసి ఉంచింది.

లోపల కొత్త చాపలు రెండు, దోమతెర కట్టి ఉంది. నాలుగు రోజులకు సరిపడా బియ్యం తెప్పించింది. విదేశీయులు అనుమతి ఉన్న హోటల్లోనే పడుకోవాలని, మర్నాడు మధ్యాహ్నానికల్లా పెగూ చేరాలని గైడే చెప్పాడు. నాకు నోరు రాలేదు. అత్త కోప్పడలేదు. కంచాల్లో మళ్ళీ కూర వేస్తూ, "నన్ను సూడ్డానికొచ్చినారా, దారిలో ఉన్నానని వచ్చినారా నాయనా?" అని మాత్రం అడిగింది.

ఆ రాత్రి హోటల్లో నేనూ మా ఆవిడా వాదించుకున్నాం. దారిలో ఉన్నవారిని చూడడం తప్పెలా అవుతుందని నా వాదన. పూర్వం కాశీకి, పూరీకి వెళ్ళేవాళ్ళు చుట్టాల ఇళ్ళ మీదుగానే కదా వెళ్ళారు. 1942లో నడిచినవాళ్ళకు దారిలో తెలిసిన ఇల్లు ఒకటి తగిలితే ఆ పూటకు ప్రాణం నిలిచినట్టే. మా ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్ళు ఎప్పుడు బయలుదేరేదీ వాళ్ళకే తెలియదు, వానో జ్వరమో నిర్ణయించేది, ఆతిథ్యం ఇచ్చేవారు ఉండమంటే ఉండేవారు. మనం నమస్కారం పెట్టకముందే వెళ్ళే గంట కాగితం మీద ఉంది అంది.

నిజమే. మన సంఘంలో ఇండియా వెళ్ళివచ్చిన ఎవరినైనా అడగండి. మూడు వారాల్లో పది పన్నెండు ఇళ్ళు, కాఫీకి మేనమామ, భోజనానికి పెద్దమ్మ, టాక్సీ బయట ఆపే ఉంటుంది. నేనూ ముప్పై ఏళ్ళు అలాగే తిరిగాను.

కానీ మా ఆవిడ వాదం నన్ను పూర్తిగా ఒప్పించలేదు. కలకత్తా నుంచి రంగూనుకు విమానంలో రెండు గంటలు. అత్త ఒక్కర్తి కోసమే వెళ్ళాలంటే ఎప్పుడో వెళ్ళగలిగేవాళ్ళం, వెళ్ళలేదు. బండి మీద సరదా లేకపోతే ఆమె ముఖం చూసేవాళ్ళమే కాదు. సరదా తీసుకెళ్ళిన చూపుకు విలువ లేదందామా? ఉందంటే, దారిలో పడని వాళ్ళ గతి ఏమిటి?

మర్నాడు పొద్దున్న మొహింగా తింటూ, ఆమె అడిగినదానికి జవాబుగా ఇదంతా దాచకుండా చెప్పాను. చాలాసేపు విని, "మా నాన్న ఎవుల దారిలోనూ లేడు. అందుకే మీ తాత రాలేదు గావాల" అంది. నిష్ఠూరంగా కాదు, ఇన్నాళ్ళకు ఒక లెక్క తేలినట్టు.

ఏ చాపలైతే మేము పరుచుకోలేదో వాటిలో ఒకటి చుట్టి మా ఆవిడ చేతికిచ్చింది. అది కౌలాలంపూరు దాకా బండికి కట్టే ఉంది.

2020లో సరిహద్దు మూశారు, 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం తీసుకుంది. ఆ రోడ్డు మీద మళ్ళీ వెళ్ళడం మా వల్ల కాలేదు. అప్పుడప్పుడు ఫోను కలుస్తుంది. కలిసినప్పుడల్లా అత్త బండి అమ్మేశావా అని అడుగుతుంది. లేదత్తా, ఉంచాను అంటాను. అది నిజమే. విశాఖలో మా తమ్ముడి షెడ్డులో ఉంది. స్టార్టు చేసి చాలాకాలమైందని వాడు ఆ మధ్య రాశాడు.