చక్కెర పేర్లు

హోళీ వచ్చిందంటే మా బోధన్‌లో పిల్లల మెడల్లో చక్కెర పేర్లు వేస్తారు. పాకాన్ని అచ్చుల్లో పోసి, దారం వెంట బిళ్లలు బిళ్లలుగా తీసిన దండ అది. నా దండలో పువ్వు అచ్చు ఉంటే సంతోషం, ఉత్త గుండ్రటి బిళ్లలుంటే అలక. బాపు శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. "నోట్ల ఏసుకున్నంక పువ్వేంది, బిళ్లేంది రా, అంతా శక్కెరే గదా" అనేవాడు. ఆ మాట నాకు యాభై దాటాక, ఒక వెబ్ పేజీ ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది.

బాపు మంచి భజనపరుడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికే పలచబడిన భజన బృందం పూర్తిగా చెదిరిపోయింది. ఒకరు నిజామాబాద్‌లో కొడుకు దగ్గర, ఒకరు పుణెలో, ఇద్దరు గల్ఫ్‌లో. బాపు పోయాక పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అందరూ వినేలా ఒక పేజీ కట్టాను.

పేజీలో పాట పెట్టడం తేలిక. ఆడియో ట్యాగు రాసి, పక్కన 'కంట్రోల్స్' అన్న ఒక్క మాట చేరిస్తే చాలు. ఆ మాట లేకపోతే పాట పేజీలో ఉన్నా కంటికి ఏమీ కనబడదు. ఉంటే బటన్లను బ్రౌజరే గీసి ఇస్తుంది. క్రోమ్‌లో అంచులు గుండ్రంగా ఉన్న లేత బూడిద రంగు పట్టీ, ఫైర్‌ఫాక్స్‌లో నల్లటి పట్టీ మీద తెల్లటి గుర్తులు, సఫారీది ఇంకో తీరు. పాట మొదలుపెట్టడం, ఆపడం, ముందుకూ వెనక్కూ జరపడం, శబ్దం పెంచడం, తగ్గించడం ఉండాలని హెచ్‌టీఎంఎల్ ప్రమాణం చెబుతుంది. అవి ఎలా కనబడాలో మాత్రం చెప్పదు. ఆ బటన్లు 'షాడో డామ్' అనే లోపలి గదిలో ఉంటాయి. మనం రాసిన రంగులు, సొగసులు ఆ గడప దాటి పోవు. పట్టీ వెడల్పు మార్చగలం. లోపలి భాగాలకు క్రోమ్‌లో కొన్ని ప్రత్యేకమైన పేర్లున్నా, ఫైర్‌ఫాక్స్ వాటిని పట్టించుకోదు.

నాకు మనసొప్పలేదు. బాపు గొంతుకు బూడిద రంగా? దేవుడికి అలంకారం చేయడం భక్తి అయినప్పుడు, ఇదీ భక్తే కదా అనుకున్నాను. 'కంట్రోల్స్' మాట తీసేశాను. పసుపు రంగు పట్టీ మీద ఇత్తడి గంట బొమ్మ పెట్టి, గంట నొక్కితే పాట వచ్చేలా చేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

మరునాడు పెద్దబాపు ఫోన్ చేశాడు. నీటికాసులతో ఆయనకు చూపు పోయి చాలా ఏండ్లైంది. ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పలికేది వింటూ అన్నీ తనే చేసుకుంటాడు. "బాపు గొంతును యాడ దాచిపెట్టినవ్ రా? ఎంత తడిమినా దొరుకుతలేదు" అన్నాడు. నా గంట ఆయన ఫోన్‌కు పేరు లేని బొమ్మ. అది బటన్ అని నేను ఎక్కడా రాయలేదు. బ్రౌజర్ ఇచ్చే మామూలు బటన్ అయితే తన పని ఏమిటో తనే పలుకుతుంది.

ఆ రాత్రి నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: రూపం ఎవరిది? ఇచ్చేవాడిదా, అందుకునేవాడిదా?

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువు చేత నీళ్లలో ఉప్పు వేయిస్తాడు. తెల్లారి చూస్తే ఉప్పు కనబడదు. పైన, నడుమ, అడుగున ఎక్కడ రుచి చూసినా ఉప్పే. మట్టి ఒక్కటే, కుండ అన్నది పేరు అని చెప్పిందీ ఆ అధ్యాయమే. చాలామంది దీన్ని రూపం అబద్ధమని చెప్పడానికి వాడతారు. నాకు ఇంకోటి తోచింది. కుండ లేనిదే నీళ్లు తాగలేం. రూపం కావాలి, కానీ అది తాగేవాడి చేతికి అలవాటైనది కావాలి. మా భజనలో ఒకరు విఠలుడు అనేవారు, ఒకరు రాముడు అనేవారు. ఎవరి ఇష్టదైవం వారిది. ఒకరి రూపాన్ని ఇంకొకరి మీద రుద్దితే అది భక్తి కాదు, అహం. నా ఇత్తడి గంట అలాంటిదే.

మరి నేను చేయాల్సింది ఏమీ లేదా? ఉంది. ప్రతి పాట పక్కన ఏ పండుగకు పాడింది, హార్మోనియం ఎవరు, తబలా ఎవరు, కోరస్‌లో ఎవరెవరు అన్నది రాశాను. పెద్దబాపు ఫోన్ వాటిని చదివి వినిపిస్తుంది. తన పేరు వచ్చినప్పుడు ఆయన నవ్వాడు. చెవికి అందే అలంకారం కూడా అలంకారమే.

గంట తీసేశాను. 'కంట్రోల్స్' మాట తిరిగి పెట్టాను. నాలాగా పేజీలు కట్టేవారికి ఒక విన్నపం. మీ సొంత బటన్ పెట్టే ముందు కళ్లు మూసుకుని, ఫోన్‌లో టాక్‌బ్యాక్ వేసుకుని, పాట మొదలుపెట్టి చూడండి. మొదలైతేనే ఆ రూపం ఉంచండి.