ఏకాంత స్థలము

క్రైస్తవ పాఠశాలలో విద్యార్థులును ఉపాధ్యాయులును ఒక దినము పుస్తకములు మూసి ధ్యానమునకు కూర్చుండుట వట్టి ఆచారము కారాదు. భుజించుటకైనను తీరికలేని శిష్యులను ప్రభువు ఏకాంత స్థలమునకు పిలిచెనని మార్కు సువార్త ఆరవ అధ్యాయము తెలుపుచున్నది. అలసట యెట్టిదో ఆయన యెరుగును. నేటాల్ తోటలలో ఒడంబడిక కూలీలైన పెద్దలును దాని నెరుగుదురు. 1903లో నెల్లూరు నుండి వచ్చిన జాన్ రంగయ్యగారు కియర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘమును కూర్చినది వారి నడుమనే.

అయితే ప్రభువు కోరిన ఏకాంతము దొరకలేదు. ముందుగానే ఆ చోటు చేరిన జనసమూహమును చూచి ఆయన విసుగుకొనక, కనికరపడి బోధింపసాగెను. ఉపాధ్యాయునకు కఠినమైన పాఠ మిదియే. కన్నులు మూసి ప్రార్థించు వేళ ఒక బాలుడు చెప్పుకొనలేని దుఃఖముతో చెంతకు వచ్చినచో, తరువాత రమ్మనుట సులభము. వాడు మరల రాకపోవచ్చును.